పాత ఇంజనుకు ఖర్చు పెట్టేముందు, కంప్రెసరు కొనేముందు

(సభ్య సంఘాల కార్యదర్శుల, పాలకవర్గ సభ్యుల శిక్షణ సమావేశంలో ఒక డీజిల్ మెకానిక్ చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉపన్యాసాలు చెప్పేవాణ్ణి కాను. ఐ.టి.ఐ.లో డీజిల్ మెకానిక్ పని నేర్చుకుని, ముప్ఫై ఏళ్ళుగా ఇంజన్లు విప్పుతూ, బిగిస్తూ బతుకుతున్నవాణ్ణి. మా ఇంట్లోనూ రెండు గేదెలున్నాయి. మా ఇంటావిడ రెండు పూటలా సంఘంలో పాలు పోస్తుంది. అందుచేత మీ మధ్య నేను పరాయివాణ్ణి కానని అనుకుంటున్నాను.

ఈ సమావేశానికి వచ్చేముందు కొన్ని సంఘాల వారు నన్ను రెండు ప్రశ్నలు అడిగారు. మొదటిది: "పచ్చిమేత తోలడానికీ, చాఫ్ కట్టరు తిప్పడానికీ పెట్టుకున్న మా పవర్ టిల్లరు పాతబడింది. ఇంజను బాగుచేయించాలా, ఇనుప సామాను వాడికి అమ్మేయాలా?" రెండవది: "సంఘం షెడ్డులో గాలి కంప్రెసరు పెట్టదలచాం. ఎన్ని హార్సు పవరుది కొనాలి?"

ఈ రెంటికీ నా జవాబు ఒక్కటే. ముందు కొలవండి, తర్వాత ఖర్చు పెట్టండి. ఇది మీకు తెలియనిది కాదు. క్యానులో పాలు చూసి వెన్న ఎంతో ఎవరూ చెప్పలేరు. గెర్బర్ పరీక్షలో 10 మిల్లీలీటర్ల ఆమ్లం, 10.75 మిల్లీలీటర్ల పాలు, 1 మిల్లీలీటరు అమైల్ ఆల్కహాలు పోసి గిర్రున తిప్పాకే వెన్న శాతం తేలేది. ఇప్పుడు చాలా సంఘాల్లో ఎలక్ట్రానిక్ మిషన్లు వచ్చాయి. అవీ కొలిచేవే. పది రూపాయల పాలకు కొలత అడిగే మనం, వేల రూపాయల ఇంజను పనికి మాత్రం మెకానిక్ నోటిమాట విని తల ఊపేస్తాం.

ఆ నోటిమాట చెప్పిన మెకానిక్కును నేనే. ఆ సంగతి చెప్పి తర్వాత పనిలోకి వస్తాను.

చాలా ఏళ్ళ క్రితం ఒక రైతు పవర్ టిల్లరు తోలుకొచ్చాడు. నల్లటి పొగ, బలం లేదు, డీజిలు తాగేస్తోంది. నేను సైలెన్సరు వంక చూసి, "అన్నా, లైనరు అరిగిపోయింది. లైనరు, పిస్టను, రింగులు సెట్టంతా మార్చాలి" అన్నాను. ఆయన చూడి పడ్డను అమ్మి డబ్బు తెచ్చాడు. కొత్త సెట్టు వేశాను. వారం తిరక్కుండా అదే నల్లపొగతో మళ్ళీ వచ్చాడు. అప్పుడు గాలి క్లీనరు విప్పాను. లోపలి జాలీ నిండా గడ్డి నుసి, చొప్ప దుమ్ము అట్టకట్టి ఉంది. బండి రోజూ చాఫ్ కట్టరు పక్కనే నడిచేది గదా! కిరసనాయిలులో జాలీ కడిగి, గిన్నెలో గీత వరకు కొత్త ఆయిలు పోసి స్టార్టు చేస్తే పొగ పోయింది. విప్పిన పాత లైనరును అప్పుడు కొలిచాను. ఇంకా రెండేళ్ళు నడిచేది.

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. వాళ్ళావిడ మాత్రం, "గుండెకాయ మార్చావు గాని ముక్కు తుడవలేదు గదయ్యా" అంది. నా మజూరి నేను తిరిగి ఇచ్చాను. పడ్డ మాత్రం తిరిగి రాలేదు.

ఇక పనిలోకి వద్దాం.

ఇంజను అడిగేది మూడే

రుడాల్ఫ్ డీజిల్ అనే ఇంజనీరు జర్మనీలో 1897లో నడిపి చూపించిన ఇంజను సూత్రమే మన టిల్లరులోనూ ఉంది. ఇందులో స్పార్కు ప్లగ్గు ఉండదు. పిస్టను గాలిని పదహారు నుంచి ఇరవై వంతుల దాకా కుదిస్తే, ఆ గాలి 500 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కుతుంది. ఆ వేడిలో డీజిలును సన్నటి తుంపరగా చిమ్మితే అదే అంటుకుంటుంది. అంటే ఇంజనుకు కావలసినవి మూడు: చాలినంత శుభ్రమైన గాలి, జారిపోని కుదింపు, వేళకు సరైన తుంపరగా పడే డీజిలు. ఈ మూడింటిలో ఏది లోపించిందో కనుక్కోవడమే పరీక్ష. వెతికేటప్పుడు ఖర్చు లేని చోట మొదలుపెట్టి ఖర్చున్న చోటికి వెళ్ళాలి. నేను ఆ రోజు తలక్రిందులుగా వెళ్ళాను.

పొగ కొంత చెబుతుంది. నల్లపొగ వస్తే గాలి తక్కువ, లేదా డీజిలు ఎక్కువ, లేదా మోయలేని బరువు. నీలం పొగ వస్తే ఇంజను ఆయిలు కాలుతోందని అర్థం. తెల్లపొగ వేడెక్కిన తర్వాత కూడా ఆగకపోతే డీజిలు సరిగా మండడం లేదు, లేదా లోపలికి నీళ్ళు చేరుతున్నాయి. కాని పొగ దారి మాత్రమే చూపుతుంది. తీర్పు చెప్పదు.

మొదట గాలి క్లీనరు. చాఫ్ కట్టరు దగ్గర నడిచే ఇంజనుకు పుస్తకంలో రాసిన గడువు వరకు ఆగకండి. రోజూ విప్పి చూడండి.

రెండవది డీజిలు. ట్యాంకు అడుగున నీరు చేరిందేమో వదిలి చూడండి. ఫిల్టరు ఎప్పుడు మార్చారో గుర్తు లేదంటే మార్చవలసిన రోజు వచ్చిందన్నమాట. ట్యాంకు ఖాళీ అయ్యేదాకా నడిపి తర్వాత డీజిలు పోస్తే పైపుల్లో గాలి చిక్కుకుంటుంది. గాలి వదిలే స్క్రూ కొంచెం లూజు చేసి, బుడగలు లేని డీజిలు వచ్చేదాకా వదలండి. ఆ తర్వాత నాజిల్. తుంపర సన్నటి మంచులా పడాలి. ధారగా పడినా, బొట్టు కారినా పని ఉంది. దీన్ని నాజిల్ పరీక్షించే మిషను ఉన్న చోటనే చూపించండి. ఒక్క హెచ్చరిక: చిమ్ముతున్న నాజిల్ ముందు చేయి పెట్టకండి. ఆ తుంపర చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూదిపోటులాగే కనిపిస్తుంది, లోపల కండ కుళ్ళుతుంది. అలా జరిగితే రేపు చూద్దాం అనకుండా ఆ క్షణమే ఆస్పత్రికి వెళ్ళాలి.

మూడవది వాల్వుల సందు. ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఫీలరు గేజితో చూడాలి. ఎంత ఉండాలో కంపెనీ పుస్తకంలో ఉంటుంది. సందు బొత్తిగా లేకపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు, కుదింపు జారిపోతుంది. పావుగంట పనికి పోయేదాన్ని లైనరు అరుగుదల అని చెప్పుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు.

కుదింపు ఎక్కడ జారుతోంది?

ఇవన్నీ చూశాక కూడా బలం రాకపోతే అప్పుడు కుదింపు. డీజిలు కట్టేసి, ఫ్లైవీలును చేత్తో తిప్పండి. మంచి ఇంజను కుదింపు దగ్గర ఎదురు తిరుగుతుంది, వదిలితే వెనక్కి తన్నుతుంది. అరిగిన ఇంజను మెత్తగా దాటిపోతుంది.

పాత పద్ధతి ఒకటుంది. నాజిల్ తీసి, ఆ రంధ్రంలో ఒక చెంచాడు ఇంజను ఆయిలు పోసి, నాజిల్ బిగించి మళ్ళీ తిప్పుతారు. కుదింపు పెరిగితే రింగులో, లైనరో అరిగినట్టు. పెరగకపోతే వాల్వులో, గాస్కెట్టో కారణం. చెంచాడు మించి పోయకూడదు, ఎక్కువైతే పిస్టను దాటలేక కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. మన టిల్లర్లలో సిలిండరు పడుకుని ఉంటుంది గనుక ఆయిలు కిందివైపే చేరి పరీక్ష పూర్తిగా తేలదు.

అంతకంటె నమ్మకమైనది గాలి పరీక్ష. పిస్టనును కుదింపు దశలో పైకొసకు తెచ్చి, రెండు వాల్వులూ మూసి ఉన్నాయని చూసుకుని, నాజిల్ రంధ్రంలో ఒక అడాప్టరు బిగించి, కంప్రెసరు నుంచి 2 కిలోల గాలి పంపండి. తర్వాత చెవి పెట్టి వినండి. గాలి క్లీనరు వైపు శబ్దం వస్తే లోపలికి గాలి పీల్చే వాల్వు కారుతోంది. సైలెన్సరులో వస్తే పొగ వాల్వు కారుతోంది. ఆయిలు పోసే మూత దగ్గర బుసకొడితే రింగులు, లైనరు. నీళ్ళ తొట్టిలో బుడగలు వస్తే హెడ్డు గాస్కెట్టు, లేదా హెడ్డులో పగులు. ఇంజను విప్పకుండానే జబ్బు ఎక్కడో తెలిసిపోయింది!

ఇక్కడ ప్రాణం మీదికి వచ్చే సంగతి ఒకటుంది. 95 మిల్లీమీటర్ల బోరు ఉన్న పిస్టను వైశాల్యం 70 చదరపు సెంటీమీటర్లు. 2 కిలోల గాలి పెట్టినా దాని మీద 140 కిలోల బలం పడుతుంది. పిస్టను పైకొస నుంచి వెంట్రుకవాసి పక్కకున్నా ఫ్లైవీలు విసురుగా తిరుగుతుంది. అందుచేత స్టార్టింగు హ్యాండిలు తీసేయాలి. ఫ్లైవీలు కదలకుండా దిట్టంగా ఆనించాలి. గాలి నెమ్మదిగా వదలాలి. చేతులు దూరంగా ఉండాలి.

లైనరే కారణమని తేలితే అప్పుడు కూడా కొలవండి. లైనరు అన్నిచోట్లా ఒకేలా అరగదు. పైరింగు ఆగే చోట ఎక్కువ అరుగుతుంది. బోరు గేజితో పైన, మధ్య, కింద, అడ్డంగా, నిలువుగా కొలిచి కాగితం మీద రాయమని మెకానిక్కును అడగండి. కొత్త రింగును లైనరులో పెట్టి కొసల మధ్య సందు చూడాలి. మోటుగా 100 మిల్లీమీటర్ల బోరుకు 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్లు ఉంటుంది. ఖాయమైన అంకె కంపెనీ పుస్తకంలోది. సందు లేకుండా బిగిస్తే వేడికి రింగు సాగి విరుగుతుంది. హెడ్డు నట్లు ఎదురెదురుగా, రెండు మూడు దఫాలుగా, టార్కు రెంచితో బిగించాలి. కొత్త సెట్టు వేసిన ఇంజనుకు మొదటి రోజే నిండు బరువు పెట్టకండి.

షెడ్డులో ఏళ్ళ తరబడి పడి ఉండి బిగుసుకుపోయిన ఇంజను అయితే సుత్తి జోలికి పోవద్దు. నాజిల్ రంధ్రంలో డీజిలు, ఇంజను ఆయిలు కలిపి పోసి, కొన్నాళ్ళు నాననిచ్చి, ఫ్లైవీలును అటూ ఇటూ కొద్దికొద్దిగా ఊపండి. కదిలాక, స్టార్టు చేసేముందు నాజిల్ తీసి ఉంచి తిప్పి, పోసిన ఆయిలంతా బయటికి పంపండి.

అమ్మేయవలసిన ఇంజన్లూ ఉంటాయి. క్రాంకుకేసు పగిలినా, క్రాంకుషాఫ్టు సాన పట్టడానికి వీలులేనంత అరిగినా, విడిభాగాలు దొరక్కపోయినా మొహమాటపడకండి. కాని మన పాత టిల్లర్లలో చాలావరకు 1967లో బెంగళూరులో మొదలైన వి.ఎస్.టి. వారివో, 1973లో కేరళలో మొదలైన కామ్కో వారివో. ఒకటి జపాను మిత్సుబిషి సహకారంతో, మరొకటి కుబోటా సహకారంతో వచ్చిన నమూనాలు. ఇవి ఏళ్ళ తరబడి ఒకే తీరుగా తయారయ్యాయి గనుక వీటి పని తెలిసినవాళ్ళు ఇంకా ఉన్నారు. విప్పకముందే కొలతలతో, భాగాల జాబితాతో అంచనా రాయించుకుని, పాలకవర్గం ముందు పెట్టి నిర్ణయించండి.

కంప్రెసరు సంగతి

ఇప్పుడు రెండవ ప్రశ్న. దుకాణానికి వెళితే మొదట హార్సు పవరు చెబుతారు, తర్వాత ట్యాంకు చూపిస్తారు. మనం ట్యాంకు మీద తట్టి చూసి, పెద్దది గదా అని మురిసిపోతాం. ట్యాంకు పాల క్యాను వంటిది. పంపు గేదె వంటిది. క్యాను పెద్దదైనంత మాత్రాన గేదె ఎక్కువ పాలివ్వదు గదా! మనం అడగవలసింది, ఈ పంపు మనకు కావలసిన ఒత్తిడి దగ్గర నిమిషానికి ఎన్ని లీటర్ల గాలి బయటికి ఇస్తుంది అని.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. పట్టీ మీద రాసే అంకె కొన్నిసార్లు పిస్టను ఊడ్చే గాలి లెక్క, చేతికి వచ్చే గాలి లెక్క కాదు. ఉదాహరణకు 65 మిల్లీమీటర్ల బోరు, 50 మిల్లీమీటర్ల స్ట్రోకు ఉన్న రెండు సిలిండర్లు నిమిషానికి 900 చుట్లు తిరిగితే, ఊడ్చేది 300 లీటర్లు. వేడి, వాల్వుల సందులు, రింగుల కారుడు పోను చేతికి 200 లీటర్ల దగ్గర వస్తుంది. అంటే సుమారు 7 ఘనపుటడుగులు. 2 హార్సు పవరు మోటారుకు 7 కిలోల ఒత్తిడి దగ్గర అంతకంటె పెద్దగా రాదు. ఎవరైనా అదే మోటారుకు రెట్టింపు గాలి వస్తుందంటే పిస్టను లెక్క చెబుతున్నారని గ్రహించండి.

దీనికీ ఒక వెన్న పరీక్ష ఉంది. చేతి గడియారం చాలు. ట్యాంకులో నీరు పూర్తిగా వదిలి, బయటికి పోయే కుళాయి కట్టేసి, కంప్రెసరు ఆడించండి. గేజి ముల్లు 2 కిలోల దగ్గర ఉన్నప్పుడు గడియారం చూడండి, 7 కిలోలకు చేరినప్పుడు మళ్ళీ చూడండి. పెరిగిన 5 కిలోలను ట్యాంకు లీటర్లతో హెచ్చవేసి, పట్టిన నిమిషాలతో భాగించండి. 160 లీటర్ల ట్యాంకుకు 4 నిమిషాలు పడితే, 160 సార్లు 5 అంటే 800, దాన్ని 4తో భాగిస్తే 200 లీటర్లు. ఖాతా పుస్తకం రాసే మన కార్యదర్శులకు ఇది పెద్ద లెక్క కాదు. కొనేముందు దుకాణంలోనే ఈ పరీక్ష అడగండి. కొన్న తర్వాత ఏటా చేసి రిజిస్టరులో రాయండి. పట్టే సమయం పెరిగిందంటే పంపు అరుగుతోందన్నమాట.

మీ అవసరం ఎంత? టైర్లకు గాలి, క్లీనర్ల దుమ్ము దులపడం, నేను చెప్పిన ఇంజను పరీక్ష, ఇవి ఆగి ఆగి చేసే పనులు. వీటికి పైన చెప్పిన 2 హార్సు పవరుది చాలు. రంగు స్ప్రే చేయాలన్నా, గాలితో తిరిగే రెంచి వాడాలన్నా ఆ పనిముట్టు మీద రాసిన గాలికి ఒకటిన్నర రెట్లు ఇచ్చే పంపు కావాలి. చిన్న పిస్టను కంప్రెసరు విశ్రాంతి లేకుండా ఆడకూడదు. ఇసుక చిమ్మి తుప్పు వదిలించే పని మాత్రం షెడ్డులో పెట్టుకోకండి. దానికి గాలి చాలదు, పైగా ఆ ఇసుక ధూళి ఊపిరితిత్తులను తినేస్తుంది.

ఒత్తిడి విషయం. ట్రాక్టరు వెనక టైరుకు కిలో, కిలోన్నర చాలు. లారీ టైరుకు 7, 8 కిలోలు కావాలి. పాల లారీ టైర్లకు కూడా గాలి పెట్టాలనుకుంటే 7 కిలోల దగ్గర ఆగిపోయే ఒంటి దశ కంప్రెసరు చాలదు. మధ్యలో గాలిని చల్లార్చే గొట్టం ఉన్న రెండు దశలది తీసుకోవాలి. పొలం బండ్లకే అయితే ఒంటి దశది చవక, మరమ్మతు సులువు. నేరుగా మోటారుకు తగిలించి గోల చేసే చిన్నవాటికంటె, బెల్టు మీద నిదానంగా తిరుగుతూ ఆయిలు పోసేవి మన్నుతాయి. పల్లెటూరి మెకానిక్ వాల్వు ప్లేటు, రింగులు మార్చగలడు. కొనేముందు మీ షెడ్డులో కరెంటు కొలిపించండి. మోటారు స్టార్టయ్యేటప్పుడు మామూలు కంటె అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది. వోల్టేజి పడిపోయే ఊళ్ళో పెద్ద మోటారు కొంటే గాలి రాకముందే మోటారు కాలుతుంది.

మరువకూడనివి

ట్యాంకు అడుగు కుళాయి రోజూ తిప్పి నీరు వదలాలి. గాలిలోని తేమ అక్కడ నీరై, ఇనుమును లోపలి నుంచి తింటుంది. పైన రంగు మెరుస్తూనే ఉంటుంది, ఒకరోజు ట్యాంకు పేలుతుంది. సేఫ్టీ వాల్వు రింగు అప్పుడప్పుడు లాగి పనిచేస్తోందో లేదో చూడాలి. అది ఊరికే కారుతోందని బిగించి మూయడం ఆత్మహత్య వంటిది. కన్నం పడిన ట్యాంకును వెల్డింగు చేయించి వాడకండి. పాత ట్యాంకు కొంటే ఒత్తిడి రాసిన పట్టీ ఉండాలి, నీళ్ళతో నింపి పరీక్ష చేయించాలి. నీరు కుదియదు గనుక ట్యాంకు చీలినా నీరు కారి ఊరుకుంటుంది. గాలితో అదే పరీక్ష చేస్తే ముక్కలు ఎగురుతాయి.

గాలి గొట్టం మనిషి మీదికి తిప్పకండి. పని అయ్యాక బట్టల దుమ్ము దులుపుకోవడానికీ వద్దు. కుర్రవాళ్ళు వేళాకోళానికి వెనక నుంచి గాలి కొట్టి పేగులు పగిలి చనిపోయిన సంఘటనలు ఈ దేశంలో జరిగాయి. షెడ్డుకు తాళం, తాళానికి ఒక బాధ్యుడు ఉండాలి.

పాల సంఘం గనుక ఇంకొక్క మాట. ఆయిలు కంప్రెసరు గాలిలో ఆయిలు తుంపర ఉంటుంది. ఆ గాలితో పాల క్యానులు ఆరబెట్టకండి, పాలు పరీక్షించే మిషను ఊదకండి. కంప్రెసరు పాలు కొలిచే గదికీ, చాఫ్ కట్టరుకూ కూడా దూరంగా ఉండాలి. మొదటిది పాల కోసం, రెండవది కంప్రెసరు కోసం. దానికీ ముక్కు ఉంది.

మీరు తిరిగి వెళ్ళి, పాలకవర్గ సమావేశంలో రెండు పుస్తకాలు పెట్టమని కోరండి. ఒకటి ఇంజనుకు, ఒకటి కంప్రెసరుకు. ఏ రోజు ఆయిలు మార్చారు, క్లీనరు కడిగారు, ఎంత డీజిలు పోశారు, ట్యాంకు నిండడానికి ఎన్ని నిమిషాలు పట్టింది అని రాయండి. ఆ రెండు పుస్తకాలు ఉంటే నావంటి మెకానిక్ వచ్చి పొగ చూసి మాట చెప్పినప్పుడు, "కొలిచి చెప్పవయ్యా" అనే ధైర్యం మీకు వస్తుంది. అలా అడిగే సభ్యుడు ఆ రోజు ఒక్కడున్నా ఆ ఇంటి పడ్డ దొడ్డిలోనే ఈనేది.